అభ్యంతరం లేని వంతెన

మా పాల సంఘం మీద ఊళ్లో ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్ను కూడా నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. ఏం రాయాలో కూడా వాళ్లే చెప్పారు: ఫ్యాక్టరీ పొగగొట్టం గురించి, మా లవంగాల చీజుకి వచ్చిన బహుమతుల గురించి. ఆ పొగగొట్టం కట్టించింది నేనే. మూడు బహుమతుల్లో రెండు నా హయాంలో వచ్చినవే. ఆల్డ్‌వెర్ట్ ఊరి బడిలో ఆరో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి, ఇరవై రెండేళ్లు ఆ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాను. రెండు వందల నలభై రెండు సమావేశాలు నడిపాను. ఒక్కటంటే ఒక్కటి ఆలస్యంగా మొదలుకాలేదు, ఒక్కటీ పాలు పిండే వేళ దాటలేదు. నాకు ముందున్నాయన మూడు గంటలు నడిపే సమావేశాన్ని నేను రెండు గంటల పది నిమిషాలకు దించాను. రాణిగారి పుట్టినరోజున మేయరు స్వయంగా వచ్చి నా కోటుకి పతకం గుచ్చి వెళ్లాడు. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటారేమో. చెప్పుకుంటున్నాను. చేసినవాడు చెప్పుకోకపోతే చూసినవాడు చెబుతాడా?

కానీ ఈ నాలుగు పేజీలూ గోసేకి ఇస్తున్నాను. గోసే పేరు ఆ పుస్తకంలో ఇంకెక్కడా రాదు. ఒక్క మినిట్స్ పుస్తకంలో తప్ప అతని పేరు ఎక్కడా లేదు. అందులో మాత్రం అరవై ఒక్కసార్లు ఉంది.

గోసేకి పదకొండు ఆవులు. మాలో ముప్పైకి తక్కువున్నవాడు లేడు. ఊరి చివర కాలువకి అవతల అతని కొట్టం. రోడ్డు ఇటు, ఇల్లు అటు, మధ్యలో అతని తాత వేసిన కర్ర వంతెన. మనిషి, సైకిలు, చేతిబండి, ఒక్కొక్కటిగా ఆవులు, వీటిని మాత్రమే మోయగలిగేది ఆ వంతెన. పొద్దున్నే పాల క్యాన్లు చేతిబండి మీద పెట్టుకుని తోసుకొచ్చి రోడ్డు పక్కన అరుగు మీద పెట్టేవాడు, మా లారీ వచ్చి ఎత్తుకుపోయేది. భార్య హిస్కే. పిల్లల్లేరు. ఆవులకి మాత్రం మా అందరిలాగే వంశం ప్రకారం నంబర్లతో పేర్లు పెట్టాడు. పెద్దావు యాంకే పద్నాలుగు. ఆ వంశంలో ఒకటో యాంకేని అతని తాత కొన్నాడు. ఆవుల వంశచరిత్ర అతనికి కంఠోపాఠం. తన ముత్తాత పేరడిగితే మాత్రం కాసేపు ఆలోచించేవాడు.

మనిషి పొడుగు. మాట పొట్టి. మా ఊళ్లో అతనికి శత్రువు లేడు. ఒకడైనా ఉండుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అదెందుకో చెబుతాను.

మా కమిటీలో ఏడుగురం. ప్రతి నెలా మొదటి మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకి, చీజు గోదాం మీది గదిలో కూర్చునేవాళ్లం. గడ్డి కోతల నెల జులైలో మాత్రం సెలవు. పొద్దుటి పిండుడికీ సాయంత్రం పిండుడికీ మధ్య ఇరుక్కున్న సమయం అది. నాలుగింటికల్లా ఎవరి కొట్టంలో వాళ్లుండాలి. ఆవు ఎజెండా చదవదు. గది నిండా పాతబడుతున్న చీజు వాసన. మినిట్స్ రాసేది బౌక్యే, ఫ్యాక్టరీ గుమాస్తా. మేం ఏడుగురం కలిసి పావుగంట వాగినదాన్ని ఆమె ఒకటిన్నర వాక్యంలో రాసేది. వచ్చే నెల అది చదివి వినిపిస్తే, ఇంత తెలివిగా మాట్లాడామా అని మాకే ముచ్చటేసేది.

బయట, ఫ్యాక్టరీ పెరట్లో ఉన్నంతసేపూ మేమందరం ఒకరికొకరం 'ఒరేయ్'. మేడమెట్లు ఎక్కి ఆ బల్ల చుట్టూ కూర్చోగానే 'మీరు', 'అధ్యక్షా'. ఫోప్పే అయితే మరీ. చిన్నప్పుడు నన్ను కాలువలోకి తోసినవాడు వాడు. బల్ల దగ్గర మాత్రం, "అధ్యక్షులవారు కిటికీ మూయిస్తారా అని సవినయంగా అడుగుతున్నాను," అనేవాడు. "మీరే దగ్గరున్నారు, మీరే మూయొచ్చు," అంటే, "ఆ మాట ఎజెండాలో లేదు," అనేవాడు.

ఫోప్పే ప్రతిదానికీ కాదంటాడు. అది వాడి వృత్తి. పొగగొట్టం వద్దన్నాడు. కొత్త తూకం వద్దన్నాడు. అన్నిటికన్నా పెద్ద యుద్ధం బిస్కెట్టు మీద జరిగింది. మాకు సమావేశంలో రెండు కాఫీలు. మొదటి కాఫీకి ఒక బిస్కెట్టు, తర్వాత డబ్బా మూత పడుతుంది. ఒక నెల మాలో ఒకాయన రెండో కాఫీకి కూడా బిస్కెట్టు ఉంటే బాగుంటుందన్నాడు.

"ఇవాళ రెండో బిస్కెట్టంటారు, రేపు దానిమీద వెన్నంటారు," అని ఫోప్పే లేచి నిలబడ్డాడు. "మన తాతలు ఒక్క బిస్కెట్టు తిని ఈ ఫ్యాక్టరీ కట్టారు."

"మా తాతకి పళ్లే లేవు," అన్నాడు ఆయన.

"ఫోప్పేగారూ, నా బిస్కెట్టులో సగం మీరు తీసుకోండి. గొడవెందుకు," అన్నాడు గోసే.

"మీ సగం బిస్కెట్టు నాకెందుకండీ! ఇది బిస్కెట్టు సంగతి కాదు, నియమం సంగతి!"

నాలుగు సమావేశాలు పట్టింది. ముగ్గురితో ఉపసంఘం వేశాం. ఆఖరికి ఓటు పెట్టాం. నాలుగుకి మూడుతో రెండో బిస్కెట్టు ఓడిపోయింది. బౌక్యే దానికి తీర్మానం నంబరు వేసి, నా సంతకం తీసుకుని, ఫైల్లో పెట్టింది. ఇవాళ్టికీ ఆ కాగితం ఉంది.

సమావేశాలంటే ఏమిటో నేను చాలా ఆలోచించాను. రెండు వందల నలభై రెండుసార్లు ఆలోచించే తీరిక దొరికింది. అక్కడ కాలం మనింట్లో కాలంలా నడవదు. మూడో అంశానికీ నాలుగో అంశానికీ మధ్య దూడ పుట్టి గడ్డి మేయడం మొదలుపెట్టిందేమో అనిపిస్తుంది. గడియారం మీద ఈగ వాలితే ముల్లు కదిలిందని ఏడుగురమూ సంబరపడతాం. ఒంటరిగా ఉంటే ఎవడైనా ఒక పనికి అవునో కాదో చెబుతాడు. ఏడుగురు కూర్చుంటే అవునుకీ కాదుకీ మధ్య ఒక మెత్తటి పరుపు పరుచుకుని అక్కడ పడుకుంటారు. పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అనలేదు. ఆ పామును చంపొద్దని ఎవరూ అనరు, చూడండి. అందరూ చంపాలనే అంటారు.

ఇక మా సమావేశాల్లో ఆఖరి అంశం ఎప్పుడూ ఒకటే: చివరి చుట్టు. అధ్యక్షుడు తన ఎడమపక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగాలి, నీకేమైనా ఉందా అని. లేదంటే లేదనాలి. ఏడో కుర్చీ గోసేది, కిటికీ పక్క. నా చూపు అతని దాకా వచ్చేసరికి మూడూ ముప్పై ఎనిమిది అయ్యేది. అప్పటికే ఫోప్పే టోపీ చేతిలో ఉండేది. మిగతావాళ్లు బల్ల కింద కాళ్లు సర్దుకునేవాళ్లు.

అలాంటి చివరి చుట్టులోనే, పంతొమ్మిది వందల డెబ్బై నవంబరులో, గోసే మొదటిసారి ఆ మాటెత్తాడు.

"క్యాన్లు పోయి ట్యాంకర్లు వస్తాయంటున్నారు కదా అధ్యక్షా. కొట్టం గోడకే పాల ట్యాంకు పెట్టుకోవాలట, రోడ్డు మీద పెట్టనివ్వరట. ట్యాంకరు మా వంతెన మీదికి వస్తే వంతెనతో సహా కాలువలో ఉంటుంది. కింద పెరట్లో ఆ రెండు ఇనుప దూలాలున్నాయి కదా. అవి మా వంతెనకి వాడుకోవచ్చేమోనని."

ఆ దూలాలు తెప్పించింది నేనే. పాత లాకు వంతెన విప్పుతుంటే పోనివ్వకుండా సంఘానికి సంపాదించాను. అడిగింది సబబైన మాట. గది అంతా తలలూపింది.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాను.

"గోసే వంతెనకి అడ్డం పడేంత పాపాత్ముడెవడున్నాడిక్కడ?" అన్నాడు ఫోప్పే.

"దూలాలు కాలువ మీద వెయ్యాలంటే నేనొక తీర్మానం కాపీ జలమండలి ఆఫీసులో ఇవ్వాలట," అన్నాడు గోసే. "కాలువ వాళ్లది కదా. సంఘం తీర్మానించింది అని రాసి ఉండాలట."

"అందరికీ సమ్మతమే కదా, అదేం పెద్ద పని. వచ్చే నెల ఎజెండాలో పెట్టి రాసేద్దాం," అని గడియారం చూసి సుత్తి కొట్టాను. మూడూ నలభై.

వచ్చే నెల ఎజెండాలో తూకం గొడవ వచ్చింది. తూకం మీద ముగ్గురు అటు, నలుగురు ఇటు. గొడవ ఉన్నదాన్ని ముందు తేల్చాలి కదా? గొడవ లేనిది ఎక్కడికి పోతుంది? చివరి చుట్టులో గోసే అడిగాడు. "అభ్యంతరం లేదన్నాం కదా, వచ్చే నెల చూద్దాం," అన్నాను. బౌక్యే రాసుకుంది. ఆ పై నెల పాల ధర. ఆ పై నెల బిస్కెట్టు.

ఇలా అయిదున్నరేళ్లు.

మీరు నమ్మకపోవచ్చు. మేం చెడ్డవాళ్లం కాము. ఆ గదిలో ప్రతివాడికీ గోసే అంటే ఇష్టం. సమావేశానికి ముందు ఆ దూలాల మీదే వరుసగా కూర్చుని చెక్కబూట్లు దులుపుకునేవాళ్లం, పొగ తాగేవాళ్లం. "ఏరా గోసే, నీ వంతెన మీద కూర్చున్నాంరా, సుంకం అడుగుతావేంటి?" అనేవాడు ఫోప్పే. గోసే నవ్వేవాడు. ఏటా ఏప్రిల్ రాగానే ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చి ఆ దూలాలకి ఒక పూత వేసి వెళ్లేవాడు. రంగు తనదే.

"ఇంకా తీర్మానం కాలేదు కదరా, నీ రంగెందుకు పోస్తావు?" అని ఒకసారి అడిగాను.

"సంఘం సొత్తు కదరా వీబ్రెన్. తుప్పు పడితే ఎవరికి నష్టం?"

"రాత్రికి రాత్రి ఎత్తుకుపోరాదూ. ఎవడడుగుతాడు?" అని పక్కనుంచి ఫోప్పే.

"తీర్మానం లేకుండా ఎత్తుకుపోతే దొంగతనం అంటారు," అన్నాడు గోసే, కుంచె ఆపకుండా. పూత ఆరేదాకా మేం ఆ వేళ నిలబడే పొగ తాగాం.

డెబ్బై అయిదు శరత్కాలంలో పాల క్యాన్ల సంగతి ఎజెండాలోకి వచ్చింది. వచ్చే ఏడు మే ఒకటి నుంచి క్యాన్లు తీసుకోకూడదని ప్రతిపాదన. ఫోప్పే సహా ముగ్గురు గట్టిగా వ్యతిరేకించారు. కాబట్టి ఆ పని రెండు సమావేశాల్లో తేలిపోయింది. నాలుగుకి మూడు. తేదీ వేసి, నంబరు వేసి, సంతకం పెట్టాం. ఇది నా హయాంలో జరిగిన పెద్ద మార్పు, పేపర్లో కూడా వచ్చింది, నా ఫోటోతో.

ఆ నాలుగో ఓటు గోసేది.

"నీకు పిచ్చా? క్యాన్లు పోతే నీ గతేంటి?" అని మెట్ల మీద నిలదీశాడు ఫోప్పే.

"సంఘానికి మంచిదే కదరా. చల్లటి పాలు చీజుకి మంచివి. నా వంతెన సంగతి ఎలాగూ అందరికీ సమ్మతమే," అన్నాడు.

జనవరిలో అడిగాడు. ఫిబ్రవరిలో అడిగాడు. మార్చి చివరి చుట్టులో, ఎప్పుడూ లేనిది, కుర్చీలోంచి లేచి నిలబడి అడిగాడు. టోపీ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అధ్యక్షా, మే నెల దగ్గరపడుతోంది. ఆ కాగితం జలమండలిలో ఇస్తే వాళ్లకి మూడు వారాలు పడుతుందట."

ఆ రోజు ఫోప్పే కిటికీ గురించి పన్నెండు నిమిషాలు తిన్నాడు. మూడూ నలభై రెండు అయ్యింది. నా జీవితంలో సమావేశం రెండు నిమిషాలు దాటడం అదే మొదటిసారి, నా ఒంటి మీద తేళ్లు పాకుతున్నాయి.

"గోసేగారూ, ఏప్రిల్లో మొదటి అంశంగా పెడతాను. మాటిస్తున్నాను," అని సుత్తి కొట్టాను.

"అలాగే," అని కూర్చున్నాడు. అందరూ లేస్తుంటే అతను కూర్చోవడం ఇప్పటికీ నా కళ్లకు కనిపిస్తుంది.

ఏప్రిల్ ఆరు మంగళవారం. మాట ప్రకారం మొదటి అంశంగా పెట్టాలనే వచ్చాను. కాని ఆ పొద్దుటే ట్యాంకర్ల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, వేళల గురించి. అది అత్యవసరం. దాన్ని ముందుకు తెచ్చాం. దాని మీద అందరూ కొట్టుకున్నారు. చివరి చుట్టు వచ్చేసరికి, వంతెన అక్కడైనా తేల్చేద్దామని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఎడమ నుంచి అడుగుతూ వచ్చాను. లేదు, లేదు, లేదు. ఫోప్పే కూడా లేదన్నాడు.

"గోసేగారూ, మీకేమైనా?"

"ఏం లేదు, అధ్యక్షా."

అయిదున్నరేళ్లలో అతని నోట ఆ మాట మొదటిసారి విన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. జలమండలి వాళ్లు కాగితం లేకుండానే ఒప్పుకున్నారు కాబోలు, మనిషి మంచితనం అలాంటిది అనుకున్నాను. సుత్తి కొట్టాను. మూడూ ముప్పై ఆరు. నాలుగు నిమిషాల ముందే. ఆ గదిలో అది రికార్డు. అందరూ బల్ల మీద వేళ్లతో తట్టి అభినందించారు. గోసే కూడా తట్టాడు.

మర్నాడు బుధవారం నా కొడవలికి పిడి కావాలని కమ్మరి దగ్గరికి సైకిలు మీద పోతూ, కాలువ దగ్గర ఆగాను. వంతెన సంగతి కనుక్కుందామని. పాత కర్ర వంతెనే ఉంది. దాని అంచున పలక ఒకటి కొత్తగా విరిగి ఉంది. దాటి కొట్టం దగ్గరికి పోయాను. మా ప్రాంతంలో శీతాకాలమంతా ఆవులు కొట్టంలోనే ఉంటాయి. తలుపు దగ్గరికి పోతే చాలు, వెచ్చటి ఊపిరి మొహానికి కొడుతుంది. ఆ రోజు చల్లగాలి కొట్టింది. లోపల నేల కడిగేసి ఉంది. పదకొండు గొలుసులు గోడకి వరుసగా, ఒకే ఎత్తులో, తగిలించి ఉన్నాయి.

హిస్కే వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఆవులేవమ్మా?" అన్నాను.

"శుక్రవారం లీవార్డెన్ సంతకి పోయాయి. నీకు చెప్పలేదా? నిన్న మీటింగుకి వచ్చాడుగా."

"ఏం లేదన్నాడు."

"లేవుగా మరి," అంది హిస్కే.

ఆమే చెప్పింది. సంత లారీ రోడ్డు మీదే ఆగిపోయింది, వంతెన మీదికి రాలేదు. గోసే ఒక్కొక్క ఆవునీ విప్పి, తాడు పట్టుకుని, వంతెన దాటించి లారీ ఎక్కించాడు. పదకొండుసార్లు పోయి వచ్చాడు. అవి అయిదు నెలలుగా కట్టుమీద ఉన్నవి. గుమ్మం దాటి వెలుతురు కనిపించగానే పచ్చిక మీదికి వదులుతున్నారనుకున్నాయి. ఏటా మొదటిరోజు గంతులేస్తాయి చూడండి, అలా గంతులేశాయి. తోకలెత్తుకుని, చిందులేస్తూ లారీ దాకా పోయాయి. వంతెన పలక యాంకే పద్నాలుగు గంతుకే విరిగింది. పన్నెండేళ్ల ముసలిది, దూడలా ఎగిరిందట.

"తాడు పట్టుకుని తను కూడా పరిగెత్తాల్సి వచ్చింది వీబ్రెన్," అంది హిస్కే. "నేనిక్కణ్ణుంచి చూస్తున్నాను. దూరం నుంచి చూసేవాళ్లకి పండగ చేసుకుంటున్నారనిపించి ఉంటుంది."

గోసే పెరట్లో కర్రలు చీలుస్తున్నాడు. నన్ను చూసి గొడ్డలి పక్కన పెట్టాడు. నాకు కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడు ముందు కోపమే వస్తుంది.

"ఎందుకురా నోరు తెరవలేదు? అయిదేళ్లుగా ఒక్కసారి బల్ల గుద్ది అరిచి ఉంటే ఆ రోజే రాసేవాణ్ణి కదరా! ఫోప్పే బిస్కెట్టు కోసం అరిచాడు, నువ్వు ఇల్లు మునుగుతుంటే అరవలేకపోయావా?"

"ఎవరిమీద అరవను వీబ్రెన్?" అన్నాడు. "ఎవరూ కాదనలేదుగా."

కమ్మరి దగ్గరికి పోలేదు, నేరుగా ఫ్యాక్టరీకి పోయి బౌక్యేని మినిట్స్ పుస్తకాలు తియ్యమన్నాను. ఆమె ఏ నెలదీ వెతుక్కోలేదు. ఆమెకి అన్నీ తెలుసు. ఒక్కొక్క పుటా తిప్పింది. గోసే వంతెన: ఎవరికీ అభ్యంతరం లేదు, వచ్చే సమావేశంలో. గోసే వంతెన: ఎవరికీ అభ్యంతరం లేదు, వచ్చే సమావేశంలో. అరవై పుటలు, అరవైసార్లు. అరవై ఒకటో చోట: గోసే, ఏమీ లేదు. 'తీర్మానించడమైనది' అన్న ఒక్క మాట ఎక్కడా లేదు. ప్రతి పుట కిందా నా సంతకం ఉంది. నా సంతకం బాగుంటుంది, బళ్లో మాస్టారు మెచ్చుకునేవారు.

"నాకెందుకు చెప్పలేదు బౌక్యే?" అన్నాను.

"మీరు నన్ను ఎప్పుడు అడిగారు అధ్యక్షా? చుట్టు ఏడో కుర్చీ దగ్గర ఆగిపోతుంది," అంది. పుస్తకం మూసేసి ముక్కు తుడుచుకుంది.

శుక్రవారం అత్యవసర సమావేశం పెట్టాను. ఆరుగురమే. మా నియమావళి ప్రకారం ఆవు లేనివాడు సభ్యుడు కాడు కాబట్టి గోసేకి పిలుపు లేదు. ఒకటే అంశం. చదివి, అలవాటుగా నా నోటినుంచి వచ్చేసింది: "ఎవరికైనా అభ్యంతరమా?"

ఫోప్పే చేయెత్తాడు. "నాకుంది."

అందరం వాడి వంక తిరిగాం.

"ఏమిటి అభ్యంతరం?"

"ఏదో ఒకటి! రాసుకో బౌక్యే, ఫోప్పేకి అభ్యంతరం. ఇప్పుడు ఓటు పెట్టు వీబ్రెన్." ఆ బల్ల దగ్గర వాడు నన్ను పేరుతో పిలవడం అదే మొదలు. "ఇరవయ్యేళ్లుగా అన్నిటికీ కాదన్నాను. పొగగొట్టానికి కాదన్నాను, తూకానికి కాదన్నాను, ముష్టి బిస్కెట్టుకి కాదన్నాను. వాడి వంతెనకి మాత్రం నోరు మూసుకున్నాను, వాడంటే ఇష్టం గనక. ఒక్కసారి, ఒక్కసారి వద్దని ఉంటే..." టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనెరిగిన డెబ్బై ఏళ్లలో ఫోప్పే ఏడవడం అదొక్కసారే చూశాను.

అయిదుకి ఒకటి. తీర్మానించడమైనది. మొత్తం నాలుగు నిమిషాలు.

కాగితం జలమండలికి నేనే పట్టుకెళ్లాను. మూడు వారాలంటారు కదా, గుమ్మంలో కూర్చుని మూడు రోజుల్లో సంతకం చేయించాను. మే నెలలో ఒక శనివారం మా ఆరుగురి ట్రాక్టర్లూ కట్టి దూలాలు మోసుకెళ్లి వేశాం. అయిదు పూతల ఎర్ర రంగు, ఒక్క తుప్పు మచ్చ లేదు. దానిమీద ఫోప్పే కొత్త ఓక్ పలకలు పరిచాడు. పన్నెండు టన్నుల ట్యాంకరు ధీమాగా పోతుంది. ఈ జిల్లాలో అంత మంచి వంతెన ఇంకోటి లేదని గర్వంగా చెప్పగలను.

ఆవుల కోసం కూడా తిరిగాను. లీవార్డెన్ వ్యాపారిని పట్టుకుని యాంకే పద్నాలుగు ఎక్కడుందని అడిగితే, "పన్నెండేళ్లదాన్ని ఎవరు కొంటారు పెద్దాయనా?" అని చేతులు తుడుచుకున్నాడు. ఫోప్పే తన మందలోంచి రెండు పెయ్యదూడల్ని ఇస్తానన్నాడు. గోసే ఒప్పుకోలేదు. "అరవై ఒకటో ఏట దూడల్తో మొదలుపెడితే అవి పాలిచ్చేనాటికి నేనుండొద్దూ," అన్నాడు.

జూన్ మొదటి మంగళవారం సమావేశం లేదని చెప్పి, నిజానికి నేనే వాయిదా వేసి, తీర్మానం నకలు కవర్లో పెట్టుకుని గోసే ఇంటికి పోయాను. ముద్ర వేయించాను, నా సంతకం పెట్టాను. హిస్కే కాఫీ ఇచ్చింది, చక్కెర రొట్టె కోసి పెట్టింది. రెండో కాఫీకి మళ్లీ కోసింది. గోసే కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పైనుంచి కింది దాకా చదివాడు. నంబరు దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"బౌక్యే బాగా రాసింది," అన్నాడు. నాలుగు మడతలు పెట్టి గడియారం వెనక దోపాడు.

"ఇంకేమైనా కావాలా గోసే?" అన్నాను. నా నోటికి వేరే వాక్యం రాలేదు.

అతను చాలాసేపు ఆలోచించాడు. నేను తొందరపెట్టలేదు. ఎంతసేపైనా కూర్చుందామనే వచ్చాను. కిటికీలోంచి కొత్త వంతెన కనిపిస్తోంది, ఎండలో ఎర్రగా. గోడ మీద గడియారం నాలుగు కొట్టింది. ఆ చప్పుడికి గోసే లేచాడు. మూలనున్న చెక్కబూట్లలో కాళ్లు దూర్చాడు. గోడకున్న పాత కోటు తీసుకుని ఒక చెయ్యి తొడుక్కున్నాడు. తలుపు గొళ్లెం మీద చెయ్యివేసి అక్కడే నిలబడిపోయాడు.

"కూర్చో గోసే," అంది హిస్కే, చాలా మెల్లిగా.

అతను కూర్చోలేదు, బయటికీ పోలేదు. ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట.

నేను కూడా లేవాల్సి వచ్చింది. ఇంటి దగ్గర ముప్పై నాలుగు ఆవులు అరుస్తుంటాయి, పాలు పిండే వేళయింది. అతని పక్కనుంచే, అతని భుజానికి రాసుకుంటూ బయటికి నడిచాను. సైకిలు ఎక్కి కొత్త వంతెన మీదుగా వచ్చేశాను. పలకలు చప్పుడైనా చెయ్యలేదు.